గగన్‌పహాడ్ బండలు

పిల్లలూ! మీరెప్పుడైనా హైదరాబాదు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళారా? వెళ్ళి ఉంటే, మెహదీపట్నం దగ్గర మొదలయ్యే ఎత్తయిన వంతెన దారిమీదుగానే పోయి ఉంటారు. పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెనను 2009లో తెరిచారు. అది ఆరాంఘర్ దగ్గర నేలకు దిగుతుంది. అక్కడినుంచి ముందుకు పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. ఉత్తరాన శ్రీనగరంలో బయలుదేరి దక్షిణాన కన్యాకుమారిదాకా పోయే మహామార్గం అది. ఆ దారిలో, ఆరాంఘర్‌కూ శంషాబాదుకూ నడుమ ఒక ఊరున్నది. దాని పేరు గగన్‌పహాడ్.

ఎంత చక్కని పేరో చూశారా! గగనం అంటే మనకు తెలిసిందే, ఆకాశం. పహాడ్ అంటే ఉర్దూలోనూ, హిందీలోనూ కొండ. ఆకాశపు కొండ అన్నమాట! ఇప్పుడు ఆ పేరు మరీ బాగా అతుకుతుంది. ఎందుకంటే 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైనప్పటినుంచీ ఆ చుట్టుపక్కల ఎక్కడ నిలబడి చూసినా, దక్షిణపు దిక్కున విమానాలు ఎక్కుతూ దిగుతూ కనిపిస్తాయి.

అయితే కారులో పోయేవాళ్ళెవరూ గగన్‌పహాడ్ దగ్గర ఆగరు. ఆగి చూడటానికి ఏమున్నది? రోడ్డుకు అటూ ఇటూ కర్మాగారాలు, గోడౌన్లు, లారీలు, దుమ్ము. వాటి సందుల్లోంచి అక్కడక్కడా తొంగిచూసే బండలు. అంతే కదా అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని మొన్న వేసవిలో ఆ బండలను చూడటానికే నేను పనిగట్టుకుని వెళ్ళాను. వెంట మా మేనకోడలు కూడా వచ్చింది. ఆ అమ్మాయికి పదేళ్ళు. ఆ ప్రయాణం ఎందుకు చేయవలసివచ్చిందో ముందు చెబుతాను.

మా మేనకోడలికి బొమ్మలు వేయటమంటే ప్రాణం. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో నేలమీద గీతలు గీస్తూ ఉండేది. అలాంటి పిల్ల ఒకరోజు తన బొమ్మల పుస్తకాన్ని నాలుగు ముక్కలుగా చింపి చెత్తబుట్టలో పడేసింది. వాళ్ళమ్మ ఏమిటే ఇది అని అడిగితే జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం నేను వెళ్ళి మెల్లిగా అడిగాను.

"బొమ్మల పోటీ జరిగింది మామయ్యా," అన్నది. "నేను వారం రోజులు కూర్చుని గుర్రం బొమ్మ వేశాను. నా పక్కన కూర్చునే అమ్మాయి అక్కడికక్కడే అరగంటలో వేసింది. దానికే మొదటి బహుమతి వచ్చింది. నా గుర్రాన్ని చూసి అందరూ కుక్క అన్నారు. దానికి పుట్టుకతోనే చెయ్యి ఉన్నది. నాకు లేదు. లేనప్పుడు ఎంత వేసి ఏం లాభం?"

ఈ మాటకు ఏమని జవాబు చెప్పాలో నాకు తోచలేదు. "నీకూ వస్తుందిలే" అంటే అది నమ్మదు. నమ్మటానికి ఆధారమేదీ నేను చూపలేదు కదా! ఆ పక్కింటి అమ్మాయికి చురుకుదనం ఉన్నమాట నిజమే. ఉన్నదాన్ని లేదంటే పిల్లలు మనల్ని అబద్ధాలకోరులు అనుకుంటారు. అందుకని, "ఆదివారం నాతో వస్తావా? నీకొక చోటు చూపిస్తాను," అని మాత్రం అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఎండ ముదరకముందే బస్సెక్కి గగన్‌పహాడ్ చేరుకున్నాము.

బండలను దగ్గరికి వెళ్ళి చూడండి. దూరంనుంచి బూడిదరంగుగా కనిపించే రాయి దగ్గరికి పోతే బూడిదరంగు కాదు. అందులో గులాబిరంగు గింజలున్నాయి, తెల్లటి గింజలున్నాయి, నల్లగా మెరిసే చుక్కలున్నాయి. గులాబిరంగువి ఫెల్‌స్పారు అనే ఖనిజం. గాజులాగా కనిపించేవి క్వార్ట్జు. నల్లగా మెరిసేవి ఎక్కువగా అభ్రకపు రేకులు. ఇవన్నీ కలిసిన రాయికి గ్రానైటు అని పేరు. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న ఈ రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటిది. భూమి లోపల చాలా లోతున కరిగి ఉన్న శిల, లక్షల ఏళ్ళపాటు నెమ్మదిగా చల్లారి ఇలా గడ్డకట్టింది. నెమ్మదిగా చల్లారింది కనుకనే గింజలు ఇంత పెద్దవిగా పెరిగాయి. త్వరగా చల్లారి ఉంటే అవి మన కంటికి కనిపించేవే కావు.

తరవాత పైనున్న మట్టీ, రాయీ కొట్టుకుపోయాయి. ఈ శిల బయటపడింది. ఎండకూ వానకూ దాని మూలలు అరిగిపోయాయి. ఉల్లిపొరలు ఊడినట్టు పైపొరలు ఊడిపోయి బండలు గుండ్రంగా తయారయాయి. అందుకే హైదరాబాదు ప్రాంతంలో ఎక్కడ చూసినా, ఎవరో రాక్షసుడు గోళీలాడి వదిలేసినట్టుగా, ఒక బండమీద ఇంకొక బండ నిలబడి ఉంటుంది.

మా మేనకోడలు ఒక పెద్ద బండ అంచును చేత్తో తడుముతూ, "మామయ్యా, ఇక్కడ ఎవరో వరసగా గుంటలు చేశారు," అన్నది.

నేను చూపించాలనుకున్నది సరిగ్గా అదే! బండ అంచున జానెడు జానెడు దూరాన, ఒకే వరసలో, సగం సగం తెగిన గుంటలు కనిపిస్తున్నాయి. దువ్వెన పళ్ళు ఊడిపోగా మిగిలిన గుర్తుల్లాగా ఉన్నాయి. రాయి కొట్టేవాళ్ళు వదిలిపోయిన గుర్తులవి.

గ్రానైటును కోయటం ఎలాగో తెలుసా? కత్తితో కోసినట్టు కోయటానికి వీల్లేదు. ముందుగా రాయిమీద ఒక గీత గీసుకుంటారు. ఆ గీతవెంట ఉలితో చిన్నచిన్న గుంటలు తొలుస్తారు. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క ఇనుప చీలను నిలబెడతారు. తరవాత సమ్మెటతో ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక్కొక్కచీలమీద ఒక్కొక్కదెబ్బ వేస్తూ పోతారు. మళ్ళీ మొదటికి వస్తారు. ఏ ఒక్క చీలనూ ఒకేసారి లోతుకు దించరు. అలా దించితే రాయి అడ్డదిడ్డంగా పగిలిపోతుంది. అన్నీ కొంచెం కొంచెంగా దిగాలి. అప్పుడు గీతవెంట సన్నని బీట పుట్టి, బండ రెండుగా విడిపోతుంది. పూర్వం ఇనుపచీలలకు బదులు ఎండిన కొయ్యచీలలు బిగించి వాటిని నీళ్ళతో తడిపే పద్ధతి కూడా ఉండేది. కొయ్య నీటికి ఉబ్బి రాయిని చీల్చేది. యంత్రాలు వచ్చాక ఈ గుంటలు తొలిచే పని సులువైంది. కాని పద్ధతి మాత్రం అదే.

"మరి, పగిలిన ముక్క ఎక్కడికి పోయింది?" అని మా మేనకోడలు అడిగింది.

"అది తరవాత చెబుతాను. ముందు రాయి కొట్టేవారిని చూద్దాం పద," అన్నాను.

శంషాబాదు వైపుగా ఇంకా కొంతదూరం పోయాక, దారిపక్కన చింతచెట్టు నీడలో ఒక తాత కూర్చుని రుబ్బురోలు చెక్కుతున్నాడు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం మరి! ఆయన పక్కన పది పన్నెండు ఉలులు వరసగా పేర్చి ఉన్నాయి. కాసేపు ఒకదానితో చెక్కి, దాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంటున్నాడు.

"తాతా, ఒక్క ఉలితో చేయకూడదా?" అని మా అమ్మాయి అడిగింది.

ఆయన గుడ్డ కిందికి జరుపుకుని నవ్వాడు. "ఉలి రాయిని కొడితే రాయి ఊకుంటదా బిడ్డా? అది గూడ ఉలిని కొడతది. కొస మొద్దుబారుతది. పొద్దుగూకినంక కొలిమిల పెట్టి కొస సాగగొట్టాలె. రేపు మళ్ళ ఇదే పని."

ఆయన చెప్పింది నిజం. గ్రానైటులోని క్వార్ట్జు గింజ మామూలు ఇనుముకంటె గట్టిది. అందుచేత ఉలి తరచు పదునుపెట్టుకుంటూ ఉండవలసిందే.

ఆ తాత పక్కనున్న రెండు రాళ్ళను సుత్తెతో తట్టాడు. ఒకటి కంగుమని గంటలాగా మోగింది. రెండోది బొద్దుగా, కుండ పగిలినట్టు పలికింది. "ఇనవడ్డదా? మోగింది మంచి రాయి. మోగనిదాని లోపల పగులున్నది. పైకి రెండూ ఒక్కతీరే కనవడతయి. కొట్టి చూడకుంటె ఎవలు చెప్పలేరు," అన్నాడు.

మా మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తరవాత తన మనసులో ఉన్న ప్రశ్న అడిగేసింది. "తాతా, నీకు ఈ పని పుట్టుకతోనే వచ్చిందా?"

"నాకా?" అని తాత ఉలి కింద పెట్టాడు. "మేము ముగ్గురన్నదమ్ములం బిడ్డా. నడిపోనికి పుట్టుకతోనే చెయ్యి నడిచేది. నేను ఒక రోలు చెడగొట్టి రెండోది మొదలుపెట్టేలోపల వాడు ఒకటి చేసి పక్కన పెట్టేటోడు. మా అయ్య గూడ వాణ్ణే మెచ్చుకునేది. నేను చెడగొట్టిన రాళ్ళు మా ఇంటి చుట్టు గోడకట్టేటన్ని ఉండె."

"ఆయన ఇప్పుడు ఇంకా గొప్పవి చేస్తున్నాడా?"

"లేదు బిడ్డా. వాడు ఈ పని ఇడిచిపెట్టి లారీ నడుపుతున్నడు. మంచిగనే బతుకుతున్నడు. పనిల నిలవడి ఉంటె నాకంటె మంచి పనోడయ్యేటోడు, అబద్ధమెందుకు! కాని నిలవడలేదు. వాని చేతిల ఉన్నది వాని చేతిలనే ఉండిపాయె. నా చేతిల లేనిది మెల్లగ వచ్చి కూసున్నది."

తాత మళ్ళీ గుడ్డ పైకి లాక్కుని పని మొదలుపెట్టాడు. మేము సెలవు తీసుకుని తిరుగుబస్సెక్కాము.

ఇక, పగిలిన ముక్కలు ఎక్కడికి పోయాయో చెబుతాను. హైదరాబాదులో ఎన్నో కట్టడాలకు ఈ జాతి రాళ్ళనే వాడారు. చార్మినారు పక్కనున్న మక్కా మసీదు సంగతే తీసుకోండి. దాన్ని కుతుబ్‌షాహీ సుల్తానులు 17వ శతాబ్దపు తొలి రోజుల్లో మొదలుపెట్టారు. ఔరంగజేబు కాలంలో, 1694లో గాని అది పూర్తికాలేదు. అది ఇంకా కడుతూ ఉండగా టావర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు చూసి, తన యాత్రా గ్రంథంలో రాశాడు. ప్రార్థన చేసే గూటికోసం ఒకే ఒక్క మహాశిలను తీశారట. దాన్ని గనినుంచి వేరుచేయటానికే అయిదేళ్ళు పట్టిందట. 500, 600 మంది మనుషులు ఎడతెగకుండా పనిచేశారట. దాన్ని లాగటానికి 1,400 ఎద్దులు కావలసివచ్చాయని అక్కడివాళ్ళు ఆయనకు చెప్పారట!

మీరు లెక్క వేసి చూడండి. 500 మంది అయిదేళ్ళు చేసిన పనిని ఒక్కడే చేయాలంటే ఎన్నేళ్ళు పడుతుంది? 2,500 ఏళ్ళు! ఇదంతా రాయి తీయటానికే. చెక్కటం ఇంకా మొదలుకానేలేదు.

బస్సులో ఈ లెక్క చెప్పగానే మా మేనకోడలు, "మరి మసీదు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇదంతా నాకు కనపడలేదే!" అన్నది.

కనపడదు. మసీదులో నున్నటి కమానులే కనపడతాయి. చెమట గుర్తులు ఊరవతల బండలమీద మిగిలిపోయాయి. అందమైనది ఊళ్ళోకి వస్తుంది. దానికోసం పడిన శ్రమ రాతిగుట్టల్లోనే ఉండిపోతుంది. ఊళ్ళో ఉండి చూసేవాళ్ళు, "అబ్బ! ఇది ఎవరో వరం పొందినవాళ్ళు చేశారు," అనుకుంటారు. గగన్‌పహాడ్‌లాంటి చోట్లకు ఒకసారి వెళ్ళి రావాలని నేననేది అందుకే.

సాయంత్రం మేము హుసేన్‌సాగరం దగ్గర దిగి, పడవలో బుద్ధవిగ్రహం దగ్గరికి వెళ్ళాము. ఆ విగ్రహం ఎత్తు 58 అడుగులు. బరువు సుమారు 350 టన్నులు. అంతా ఒకే గ్రానైటు శిల! ఆ శిల భువనగిరి దగ్గరి రాయగిరిలో దొరికింది. 1985లో పని మొదలైంది. ఎస్. ఎం. గణపతి స్థపతి అనే శిల్పాచార్యుడి చేతికింద ఎందరో శిల్పులు దాన్ని చెక్కారు. ఆయన తరతరాలుగా శిల్పవిద్య నడుస్తున్న సంప్రదాయానికి చెందినవాడు. ఆ సంప్రదాయంలో కుర్రవాళ్ళు ఏకంగా దేవుడి ముఖం చెక్కరు. ముందు ఉలికి పదును పెట్టటం, తరవాత రాతిని చదును చేయటం, తరవాత గీతలు, పూలు, లతలు. ముఖం చెక్కటం చివర వస్తుంది. కళ్ళు తెరిపించటం అన్నిటికంటె చివర.

1990 మార్చి 10న ఆ విగ్రహాన్ని పెద్ద బల్లకట్టుమీద సాగరం నడుమకు తీసుకుపోతూ ఉండగా ఘోరమైన ప్రమాదం జరిగింది. విగ్రహం నీటిలో మునిగిపోయింది. పనిలో ఉన్నవాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకుపైగా బుద్ధుడు నీటి అడుగునే పడుకుని ఉన్నాడు. చివరికి దాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న ఇప్పుడున్న చోట నిలబెట్టారు. ఆ ముఖంలో శాంతిని చూస్తే, అది ఇన్ని కష్టాలు దాటి వచ్చిందని ఎవరైనా అనుకుంటారా?

మా మేనకోడలు తలెత్తి చాలాసేపు చూసింది. "రాళ్ళు కొట్టటం వేరు, బొమ్మలు వేయటం వేరు కదా మామయ్యా? గొప్ప గొప్ప చిత్రకారులు కూడా ఇలా కష్టపడతారా?" అని అడిగింది.

ఈ ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది. అందుకని ఆ అమ్మాయికి చెప్పిన సంగతి మీకూ చెబుతాను.

ఇటలీ దేశంలో మైకెలాంజిలో అనే మహాశిల్పి ఉండేవాడు. ఆయన 1475లో పుట్టాడు. పసితనంలో ఆయనను పెంచిన దాది ఒక రాయి కొట్టేవాని భార్య. ఫ్లారెన్సు నగరంలో ఒక పెద్ద పాలరాతి దిమ్మ ఉండేది. 1464లో ఒక శిల్పి దానిమీద పని మొదలుపెట్టి వదిలేశాడు. తరవాత ఇంకొకరికి అప్పగించారు. అదీ సాగలేదు. ఎన్నో ఏళ్ళు అది ఎండకూ వానకూ ఆరుబయట పడివున్నది. 1501లో దాన్ని 26 ఏళ్ళ మైకెలాంజిలో చేతికి ఇచ్చారు. 1504 నాటికి అందులోంచి 'డేవిడ్' విగ్రహం బయటికి వచ్చింది. ఇప్పటికీ దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళుతూ ఉంటారు.

ఇంతటివాడు ముసలితనంలో ఒక వింతపని చేశాడు. తాను వేసుకున్న చిత్తుబొమ్మలనూ, నమూనాలనూ ఎన్నిటినో కాల్చేశాడు. ఎందుకో తెలుసా? తాను ఎంత తంటాలు పడ్డాడో, ఎన్నిసార్లు దిద్దుకున్నాడో ఎవరికీ తెలియకూడదని! ఆయనను ఎరిగిన వసారి అనే చిత్రకారుడు ఈ సంగతి రాశాడు. చూశారా! మహానుభావులు కూడా తమ గగన్‌పహాడ్‌ను దాచేసుకుంటారు. మనకు బుద్ధవిగ్రహాన్ని మాత్రమే చూపిస్తారు.

మన తెలుగువాళ్ళలోనూ ఇలాంటి కథ ఉన్నది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో పుట్టారు. ఆయనకు చిన్నప్పటినుంచీ కంటిచూపు బాగా తక్కువ. ఇంట్లో అన్నగారి దగ్గర వయొలిను నేర్చుకుని సాధన చేశారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షుడు. నాయుడుగారు అందులో విద్యార్థిగా చేరాలని వెళ్ళారనీ, ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడి ఉద్యోగమే ఇచ్చారనీ చెబుతారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. ఆ రోజు విన్నవాళ్ళకు అది అద్భుతంగా తోచి ఉంటుంది. కాని ఆ అద్భుతం వెనక ఎన్ని ఉదయాలు, ఎన్ని రాత్రులు గడిచాయో ఆ ఇంటి గోడలకే తెలుసు!

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించారు. బెర్లిను నగరంలోని ఒక సంగీత విద్యాలయంలో వయొలిను నేర్చుకునేవాళ్ళను మూడు జట్లుగా చేసి, చిన్నప్పటినుంచీ ఎవరెన్ని గంటలు ఒంటరిగా సాధన చేశారో లెక్కలు తీశారు. ఆ ఫలితాలను 1993లో ప్రకటించారు. 18వ ఏడు వచ్చేసరికి, అందరికంటె మేటి జట్టువాళ్ళు సగటున సుమారు 7,400 గంటలు సాధన చేశారు. రెండో జట్టువాళ్ళు 5,300 గంటలు. మూడో జట్టువాళ్ళు 3,400 గంటలు. రోజుకు రెండుగంటల చొప్పున పదేళ్ళు కూర్చుంటే ఎంతవుతుందో మీరే గుణించుకోండి.

అయితే, గంటలు పెరిగితే చాలు, అందరూ ద్వారంవారు అయిపోతారా? కారు. 2014లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఇలాంటి పరీక్షలు అనేకం కలిపి చూశారు. సంగీతంలో ఒకరికీ ఇంకొకరికీ ఉండే తేడాలో సుమారు అయిదోవంతును మాత్రమే సాధన గంటలతో లెక్కచెప్పగలిగారు. మిగతాదానిలో ఇంకా ఎన్నో సంగతులు ఉండవచ్చు. ఏ వయసులో మొదలుపెట్టారు, గురువు ఎవరు, పుట్టుకతో వచ్చిన చురుకుదనమెంత, ఇలాంటివి. రాయి కొట్టే తాత తన తమ్ముణ్ణి గురించి చెప్పిన మాట ఇదే కదా! పుట్టుకతో వచ్చేది లేదని ఆయనా అనలేదు.

మరి తేలిందేమిటి? పుట్టుకతో వచ్చినది ఎంతో మన చేతిలో లేదు. అది ఎంత ఉన్నదో పైకి చూసి చెప్పటం కూడా ఎవరి తరమూ కాదు. రాయి మోగుతుందో లేదో తట్టి చూడాలి. మనిషి సంగతి ఇంకా విచిత్రం. తాత చేతిలో మొదట లేనిది, పని చేయగా చేయగా వచ్చి కూర్చున్నది. రాయికి ఆ భాగ్యం లేదు. పగులున్న రాయి ఎన్నిసార్లు కొట్టినా మోగదు. మనిషి చెయ్యి మాత్రం మారుతుంది.

ఈ రహస్యం మన తెలుగు మాటలోనే ఉన్నది, గమనించారా? గొప్ప చిత్రకారుణ్ణి మనం ఏమంటాము? "చెయ్యి తిరిగినవాడు" అంటాము. చేతితో పుట్టినవాడు అనము. తిరగగా తిరగగా దారికి వచ్చిన చెయ్యి అన్నమాట!

ఈ మాట చెప్పగానే మా మేనకోడలు తన కుడిచేతిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నది. నాకు నవ్వు వచ్చింది కాని ఆపుకున్నాను.

మర్నాడు దుకాణంలో ఒక కొత్త పుస్తకం కొనిపెట్టాను. ఆ పిల్ల దానిలో గుర్రం వేయలేదు. గగన్‌పహాడ్‌లో ఏరుకుని తెచ్చిన గుప్పెడంత గులాబిరంగు రాయిని బల్లమీద పెట్టుకుని దాని బొమ్మ వేసింది. అది రాయిలాగా లేదు, బంగాళాదుంపలాగా ఉన్నది. చింపబోయి ఆగింది. బొమ్మ కింద తారీఖు వేసింది. దాని కింద, "నీడ తప్పు పక్కన పడింది," అని రాసింది. మర్నాడు నీడను సరిచేసుకుని మళ్ళీ అదే రాయి వేసింది. ఈసారి, "అంచు మరీ నున్నగా వచ్చింది," అని రాసింది.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉన్నది. ఒకే తప్పును వందసార్లు చేస్తే అది సాధన కాదు. తాత రోజూ ఉలికి పదును పెట్టుకుంటాడు కదా, అలాగే ఏ రోజు తప్పును ఆ రోజు కనిపెట్టి, మర్నాడు దాన్ని దిద్దుకోవాలి. మొద్దుబారిన ఉలితో రోజంతా కొట్టినా రాయి చెదరదు, చెయ్యి మాత్రం నొప్పి పెడుతుంది.

పిల్లలూ! మీరూ ఇలా చేసి చూడండి. మీ ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా ఒకటి తీసుకోండి. చెంబు కావచ్చు, చెప్పు కావచ్చు, ఉల్లిపాయ కావచ్చు. దాన్నే 30 రోజులు వరసగా రోజుకొకసారి వేయండి. ఒక్కటి కూడా చింపవద్దు. ప్రతి బొమ్మ కిందా తారీఖు వేసి, మీకు కనిపించిన తప్పు ఒక్కటి రాయండి. నెల తిరిగాక మొదటి బొమ్మనూ చివరి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాట పాడేవాళ్ళు పాటతోనూ, కథలు రాసేవాళ్ళు కథలతోనూ ఇలాగే చేయవచ్చు.

పెద్దలకు కూడా ఒక మనవి. "మావాడికి చెయ్యి లేదు" అని నలుగురిలో అనకండి. "మావాడు పుట్టుకతోనే ప్రజ్ఞావంతుడు" అని కూడా అనకండి. మొదటి మాట విన్న పిల్లవాడు పని మానేస్తాడు. రెండో మాట విన్నవాడు పని చేయనవసరం లేదనుకుంటాడు. "నిన్నటికంటె ఇవాళ ఏం మారింది? చూపించు," అని అడగండి. అంతకుమించి ఏమీ అక్కరలేదు.

మా మేనకోడలికి తరవాత పోటీలో బహుమతి వచ్చిందా అని మీరు అడుగుతారు. రాలేదు. ఈసారి కూడా ఆ పక్కన కూర్చునే అమ్మాయికే వచ్చింది. కాని ఆ రోజు ఇంటికి వచ్చి మా పిల్ల ఏడవలేదు, పుస్తకమూ చింపలేదు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, "మామయ్యా, దీన్ని కూడా గగన్‌పహాడ్ తీసుకుపోదామా? అది ఇంతవరకు రాయి బొమ్మ వేయలేదట!" అన్నది.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాము. మీరు ఎప్పుడైనా ఆ దారిన విమానాశ్రయానికి పోతే, ఆకాశంలో విమానాలనే చూస్తూ ఉండిపోకండి. ఒక్కసారి కిటికీలోంచి కిందికి, బండల అంచులకేసి చూడండి. వరసగా గుంటలు కనిపించాయంటే, ఆ ముక్క ఎక్కడో ఒకచోట అందమైన గోడగానో, కమానుగానో, రోలుగానో మారి నిలబడి ఉన్నదని తెలుసుకోండి.